దెబ్బ, జన్యువు, ఆట నియమం: కాంటాక్ట్ క్రీడల్లో కంకషన్ ముప్పు

నాడీ వైద్య బోధనకు జీవితాన్ని అంకితం చేసిన ఒక ఆచార్యుని స్మృతికి నెలకొల్పిన ఈ వేదికపై, వైద్యశాస్త్రం, జన్యుశాస్త్రం, క్రీడా పరిపాలన మూడూ కలిసే చోట నిలిచిన ఒక ప్రశ్నను చర్చించడం ఉచితంగా ఉంటుంది. బాక్సింగ్, రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్, ఐస్ హాకీ, కబడ్డీ వంటి కాంటాక్ట్ క్రీడల్లో, అంటే శరీరాలు ఢీకొనడాన్ని నియమాలే అనుమతించే ఆటల్లో, ఒకే రకమైన దెబ్బలు తిన్న ఇద్దరిలో ఒకరు కోలుకుని మరొకరు కుంగిపోవడానికి కారణం వారి జన్యువుల్లో ఉందా అన్నది ఆ ప్రశ్న. దెబ్బను మెదడు ఎలా భరిస్తుందన్న విషయంలో వారసత్వానికి పాత్ర ఉందని, అయితే ఎవరికి ఎన్ని దెబ్బలు తగలాలో నిర్ణయించేవి ఆట నియమాలు, శిక్షణ పద్ధతి, మైదానంలో ఆటగాడు నిలబడే స్థానమని, గత నూరేళ్ళలో మొదటి దాన్ని ముందుకు తెచ్చి రెండోదాన్ని మరుగుపరచిన సందర్భాలు పదేపదే కనిపిస్తాయి గనుక జన్యు పరిశోధన ఆ చరిత్రను ఎరిగి నడవాలని ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

తలకు గాని, శరీరంలో మరో భాగానికి గాని తగిలిన దెబ్బ తలను ఒక్కసారిగా కుదిపినప్పుడు మెదడు పనితీరు తాత్కాలికంగా అస్తవ్యస్తం కావడాన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పడం దీనికి తప్పనిసరి లక్షణం కాదు. తలనొప్పి, తూలు, మసక చూపు, మాట తడబాటు, జరిగింది గుర్తులేకపోవడం వంటివి నిమిషాల నుంచి వారాల వరకు ఉండవచ్చు, సాధారణ స్కాన్‌లో మాత్రం ఏమీ కనిపించకపోవచ్చు. 1943లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త హోల్‌బోర్న్, జెలటిన్‌తో చేసిన మెదడు నమూనాల సాయంతో, తల తిన్నగా కదలడం కంటే మెలితిరగడమే మెదడు కణజాలాన్ని ఎక్కువగా గాయపరుస్తుందని చూపారు. అలా లాగబడిన నాడీకణాల పొరల గుండా పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి ప్రవహిస్తుందని, గ్లుటమేట్ అనే ప్రేరక రసాయనం మితిమీరి విడుదలవుతుందని, ఆ సమతుల్యాన్ని తిరిగి నెలకొల్పే ప్రయత్నంలో కణం తన శక్తి నిల్వలను ఖర్చు చేసుకుని కొంతకాలం దుర్బల స్థితిలో ఉండిపోతుందని గీజా, హోవ్డా అనే శాస్త్రవేత్తలు 2001లో క్రమబద్ధంగా వివరించారు. ఈ వరుసలో ప్రతి మెట్టునూ ఏదో ఒక ప్రొటీన్ నడుపుతుంది, ప్రతి ప్రొటీన్ వెనుక ఒక జన్యువు ఉంటుంది. కాబట్టి వ్యక్తికీ వ్యక్తికీ ఉన్న జన్యు భేదం గాయం తీరును మార్చగలదన్న ఊహ శాస్త్ర సమ్మతమైనదే.

అయితే జన్యు ముప్పు అనే మాట కింద మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమవుతున్నాయి. ఒక క్రీడాకారుడికి కంకషన్ కలిగే అవకాశం ఎంత అన్నది మొదటిది, కలిగాక కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందన్నది రెండోది, ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న మెదడు ముదిమిలో ఏమవుతుందన్నది మూడోది. ఒక ప్రశ్నకు దొరికిన సమాధానాన్ని మరో ప్రశ్నకు అతికించడం వల్ల ఈ రంగంలో చాలా గందరగోళం ఏర్పడింది.

మూడో ప్రశ్న చరిత్రలో అన్నిటికన్నా ముందు పుట్టింది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మరణ విచారణాధికారిగా పనిచేసిన హారిసన్ మార్ట్‌లాండ్, బాక్సింగ్ వర్గాల్లో అప్పటికే వాడుకలో ఉన్న 'పంచ్ డ్రంక్' అనే మాటను 1928లో వైద్య సాహిత్యంలోకి తెచ్చి, ఏళ్ళ తరబడి పిడిగుద్దులు తిన్న బాక్సర్లలో కనిపించే తడబడే నడక, వణుకు, మందగించిన మాట, చివరికి మతిభ్రంశం ఒకే వ్యాధి లక్షణాలని వాదించారు. 1949లో బ్రిటిష్ నాడీ వైద్యుడు మెక్‌డొనాల్డ్ క్రిచ్‌లీ దానికి వాడిన 'క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి' అనే పేరే ఈనాడు సీటీఈగా ప్రపంచమంతటా వినిపిస్తోంది. ఆ దశాబ్దాల్లో బాక్సర్ల రోగానికి మద్యపానాన్ని, సిఫిలిస్‌ను కారణాలుగా చూపిన వారు లేకపోలేదు. కారణం గుద్దులో గాక గుద్దు తిన్నవాడి నడతలో ఉందన్న భావన అప్పుడే వేళ్ళూనింది.

ఆ భావనను పరీక్షకు పెట్టినది ఎ. హెచ్. రాబర్ట్స్ 1969లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తరఫున ప్రచురించిన అధ్యయనం. 1929 నుంచి 1955 వరకు బ్రిటన్‌లో లైసెన్సు పొందిన వృత్తి బాక్సర్ల జాబితా నుంచి యాదృచ్ఛికంగా ఎంచిన 224 మందిని ఆయన పరీక్షించారు. రోగులై ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూడకుండా జాబితా నుంచి చీటీ తీసినట్లు ఎంచడం వల్ల ఆ అధ్యయనానికి ఈనాటికీ విలువ తగ్గలేదు. వారిలో 17 శాతం మందిలో బాక్సింగ్ వల్ల కలిగిన నాడీ నష్టం కనిపించింది. పోటీలు ఎక్కువైన కొద్దీ, వృత్తి జీవితం పొడవైన కొద్దీ ఆ నష్టం పెరిగింది. నూటికి 17 మందికి వచ్చినది మిగిలిన 83 మందికి ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆ అంకెలోనే దాగి ఉంది. జన్యుశాస్త్రం ఈ రంగంలోకి ప్రవేశించింది ఆ ద్వారం గుండానే.

ప్రవేశించడానికి దానికి పావు శతాబ్దం పట్టింది. 19వ క్రోమోజోమ్‌పై ఉన్న ఏపీఓఈ అనే జన్యువు, రక్తంలోనూ మెదడులోనూ కొవ్వు పదార్థాలను మోసుకుపోయే ఒక ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. గాయపడిన నాడీకణాలు తమ పొరలను తిరిగి కట్టుకోవడానికి కావలసిన సరుకు ఆ ప్రొటీన్ ద్వారానే చేరుతుంది. దీనికి ఎప్సిలాన్-2, ఎప్సిలాన్-3, ఎప్సిలాన్-4 అనే మూడు సాధారణ రూపాలున్నాయి. 299 అమైనో ఆమ్లాల గొలుసులో 112వ స్థానంలోనూ 158వ స్థానంలోనూ సిస్టీన్ ఉందా, ఆర్జినిన్ ఉందా అన్నదే వాటి మధ్య భేదం. 1993లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎప్సిలాన్-4 రూపం ముదిమిలో వచ్చే అల్జైమర్ వ్యాధి ముప్పును గణనీయంగా పెంచుతుందని చూపగానే, దెబ్బతిన్న మెదడుపై దాని ప్రభావమేమిటన్న అన్వేషణ మొదలైంది. 1997లో రెండు పత్రాలు వెలువడ్డాయి. గ్లాస్గోలో టీస్‌డేల్ బృందం తల గాయాలతో ఆసుపత్రిలో చేరిన 93 మందిని గమనించి, ఎప్సిలాన్-4 ఉన్నవారు ఆరు నెలల తర్వాత అధ్వాన్న స్థితిలో ఉన్నట్లు కనుగొన్నది. అమెరికాలో బారీ జోర్డాన్ బృందం 30 మంది బాక్సర్లను పరీక్షించగా, ఎక్కువ పోటీల్లో పాల్గొన్నవారిలో ఎప్సిలాన్-4 ఉన్నవారికి నాడీ నష్టం మరింత అధికంగా కనిపించింది. తీవ్ర నష్టం పొందిన ప్రతి బాక్సర్‌లోనూ ఆ రూపం కనీసం ఒక ప్రతి ఉంది. తక్కువ పోటీల్లో పాల్గొన్నవారిలో ఆ భేదం కనబడలేదన్న సంగతి పత్రికల్లో అంతగా ప్రచారం పొందలేదు గాని, శాస్త్ర దృష్టితో అదే ముఖ్యమైనది. దెబ్బలు తక్కువైనచోట ఆ జన్యువు మౌనంగానే ఉంది.

తరువాతి రెండు దశాబ్దాల కథను ఓపికగా చదవాలి. టీస్‌డేల్ బృందమే వెయ్యిమందికి దగ్గరగా ఉన్న రోగులపై అదే ప్రశ్నను మళ్ళీ వేసి, 2005లో ఫలితాలు ప్రకటించినప్పుడు, మొత్తం మీద ఎప్సిలాన్-4కూ కోలుకునే తీరుకూ సంబంధం కనబడలేదని, వయసు తక్కువగా ఉన్నవారిలో మాత్రమే దాని ఛాయలు కనిపించాయని నిజాయితీగా చెప్పింది. తన తొలి ఫలితాన్ని పది రెట్లు పెద్ద అధ్యయనంతో తానే పరీక్షించుకున్న ఆ బృందం తీరు ఈ రంగానికి ఆదర్శం. 2008లో టెరెల్ బృందం 195 మంది అమెరికన్ కళాశాల క్రీడాకారులను పరిశీలించి, ఏపీఓఈ జన్యువు ఎంత మోతాదులో పనిచేయాలో నియంత్రించే భాగంలో ఉన్న ఒక భేదం గతంలో కంకషన్ పొందిన చరిత్రతో దాదాపు మూడు రెట్లు ముడిపడి ఉందని ప్రకటించింది. అదే ఏడాది టొరంటోలో 318 మంది విశ్వవిద్యాలయ క్రీడాకారులను ముందుగా పరీక్షించి ఆపైన గమనించిన మరో బృందానికి ఎప్సిలాన్-4కూ కంకషన్‌కూ సంబంధం కనిపించలేదు. ఇక 2018లో టెరెల్ బృందమే 1,056 మంది క్రీడాకారులను ముందుకాలంలోకి గమనిస్తూ చేసిన అధ్యయనంలో, శోథను నడిపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్‌కు చెందిన గ్రాహక జన్యువులోని ఒక రూపం ముప్పును పెంచుతున్నట్లు తేలగా, ఇన్నాళ్ళూ ప్రతినాయక స్థానంలో నిలిపిన ఎప్సిలాన్-4 ఉన్నవారిలో కంకషన్లు తక్కువగా నమోదయ్యాయి.

ఈ ఫలితాన్ని చూసి ఎప్సిలాన్-4 రక్షణ కల్పిస్తుందని భావించడం ఎంత తొందరపాటో, దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం కూడా అంతే తొందరపాటు. పరిశోధకులు జీవశాస్త్రపరంగా సాధ్యమని ముందే ఊహించిన ఒకటి రెండు జన్యువులను పట్టుకుని, వందల మందిలో వెతికే పద్ధతికి మౌలికమైన బలహీనత ఉంది: సాధారణ జన్యు భేదాల్లో ఒక్కొక్కటి చూపే ప్రభావం అతి స్వల్పం, ఆ స్వల్పాన్ని యాదృచ్ఛికత నుంచి వేరు చేయడానికి వేల సంఖ్యలో, తరచు లక్షల సంఖ్యలో మనుషులు కావాలి. పైగా కంకషన్ రక్తపరీక్షతో నిర్ధారించే వ్యాధి కాదు; క్రీడాకారుడు చెబితేనే తెలిసేది, చెబితే మ్యాచ్ పోతుందన్న భయంతో తరచు చెప్పకుండా దాచేది. ఎవరికి ఎన్ని దెబ్బలు తగిలాయన్న లెక్క లేకుండా ఎవరి జన్యువు దుర్బలమో తేల్చడం సాధ్యం కాదు. దక్షిణాఫ్రికా రగ్బీ క్రీడాకారులపై పనిచేసిన పరిశోధకులు డోపమీన్ అనే మెదడు రసాయనపు గ్రాహక జన్యువులను వ్యక్తిత్వ లక్షణాలతో కలిపి చూడడానికి కారణం ఇదే. సాహస ప్రవృత్తితో ముడిపడిన జన్యు భేదం మెదడును బలహీనపరచకుండానే, ఆటగాణ్ణి ఢీకొనే చోటికి మరింత తరచుగా తీసుకుపోవడం ద్వారా కంకషన్ సంఖ్యను పెంచగలదు. అటువంటి జన్యువును దుర్బలతకు గుర్తుగా చదివితే శాస్త్రం దారి తప్పినట్లే.

అత్యున్నత స్థాయి క్రీడాకారుల విషయంలో మరొక చిక్కు ఉంది. వారు జనాభా నుంచి యాదృచ్ఛికంగా వచ్చినవారు కారు; పాఠశాల, కళాశాల, ప్రాంతీయ స్థాయిల్లో తలనొప్పులతో, తూలుతో ఆట మానేసిన ఎందరో వడకట్టబడిన తరువాత మిగిలినవారు. బ్రిటన్‌లో మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయ కేంద్రంగా సాగుతున్న రగ్బీజీన్ ప్రాజెక్టు వంటివి ఉన్నత శ్రేణి ఆటగాళ్ళను సాధారణ జనంతో పోల్చుతున్నాయి. ఆ పోలికలో ఒక రూపం ఆటగాళ్ళలో ఎక్కువగా కనబడితే, అది గాయాన్ని తట్టుకునే శక్తికి గుర్తా, వేగానికో కండబలానికో గుర్తా అన్నది వేరుగా తేలవలసి ఉంటుంది.

జన్యువుకు బలమైన పాత్ర నిశ్చయంగా ఉన్న సందర్భమూ ఒకటుంది. అదే 19వ క్రోమోజోమ్‌పై ఉన్న సీఏసీఎన్ఏ1ఏ అనే జన్యువు, నాడీకణంలోకి కాల్షియంను అనుమతించే ద్వారాన్ని నిర్మిస్తుంది. అందులో 218వ స్థానంలో సెరీన్ బదులు ల్యూసీన్ చేరే అరుదైన ఉత్పరివర్తన ఉన్నవారికి, చిన్నపాటి తల దెబ్బ తగిలాక కొంత వ్యవధి గడిచి మెదడు వాచి, ప్రాణాపాయం కలగవచ్చునని 2001లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఒక వంశంలో స్వల్ప దెబ్బలకే కోమాలోకి వెళ్ళిన చరిత్ర, పక్షవాతంతో కూడిన పార్శ్వపు తలనొప్పి చరిత్ర ఉంటే, ఆ కుటుంబపు బిడ్డకు జన్యు పరీక్ష చేయించి కాంటాక్ట్ క్రీడలకు దూరంగా ఉంచడం వైద్యుని విధి. కుటుంబ చరిత్రను అడిగి తెలుసుకుని ఒకరికి చేసే ఆ పరీక్షకూ, వెయ్యిమంది ఆటగాళ్ళకు మూకుమ్మడిగా చేసే ఏపీఓఈ పరీక్షకూ హస్తిమశకాంతరం ఉంది.

మరణానంతరం మెదడులను పరీక్షించే శాస్త్రం ఈ శతాబ్దంలో వేగం పుంజుకుంది. 2002లో 50వ ఏట మరణించిన అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మైక్ వెబ్‌స్టర్ మెదడును పిట్స్‌బర్గ్‌లో పరీక్షించిన బెన్నెట్ ఒమాలు, అందులో సీటీఈ గుర్తులను కనుగొని 2005లో ప్రచురించారు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఆన్ మెక్‌కీ బృందం సేకరించిన మెదడుల్లో, నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన 111 మందిలో 110 మందికి సీటీఈ ఉన్నట్లు 2017లో ప్రకటితమైంది. లక్షణాలు చూసి కలతపడిన కుటుంబాలే మెదడులను దానం చేశాయి గనుక ఆ నిష్పత్తి ఆటగాళ్ళందరికీ వర్తించదు. ఆ పరిమితిని పరిశోధకులే చెప్పారు. అదే మెదడుల సేకరణ నుంచి వెలువడిన 2020 నాటి విశ్లేషణ, ఆడిన ప్రతి అదనపు సంవత్సరానికీ సీటీఈ సంభావ్యత సుమారు 30 శాతం చొప్పున పెరిగిందని చూపింది. 2018లో టీఎంఈఎం106బీ అనే జన్యువులోని భేదం సీటీఈ ఉన్నవారిలో మతిభ్రంశంతో ముడిపడి ఉన్నట్లు, 2022లో 364 మెదడులపై జరిగిన విశ్లేషణలో 65 ఏళ్ళు దాటినవారి విషయంలో ఎప్సిలాన్-4 వ్యాధి తీవ్రతను పెంచుతున్నట్లు తేలింది. 1997లో జోర్డాన్ చూసినది పూర్తిగా భ్రమ కాదని ఈ ఫలితం సూచిస్తుంది; అయితే అది మూడో ప్రశ్నకు, అదీ దీర్ఘకాలం దెబ్బలు తిన్నవారికి మాత్రమే వర్తించే సమాధానం.

జన్యువునూ దెబ్బనూ విడదీసి చూపే సాక్ష్యం స్కాట్లాండ్ నుంచి వచ్చింది. గ్లాస్గోలో విలీ స్టీవర్ట్ నాయకత్వంలోని బృందం 7,676 మంది మాజీ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను, వారికి మూడు రెట్ల సంఖ్యలో సాధారణ పౌరులతో పోల్చి, నాడీ క్షీణత వ్యాధులతో మరణించే అవకాశం ఆటగాళ్ళలో సుమారు మూడున్నర రెట్లు అధికమని 2019లో ప్రకటించింది. రెండేళ్ళ తర్వాత అదే బృందం ఆటగాళ్ళను వారు ఆడిన స్థానాల వారీగా విడదీసినప్పుడు, బంతిని తలతో అతి తరచుగా కొట్టే రక్షణ ఆటగాళ్ళలో ముప్పు అత్యధికంగా, బంతిని చేతులతో పట్టే గోల్‌కీపర్లలో దాదాపు సాధారణ జనంతో సమానంగా ఉన్నట్లు కనిపించింది. గోల్‌కీపర్లూ రక్షణ ఆటగాళ్ళూ ఒకే దేశంలో, ఒకే తరంలో, ఒకే జట్లలో పెరిగినవారు. ఎప్సిలాన్-4 గోల్‌కీపర్లను ఏరి తప్పించుకుపోయిందనుకోవడానికి ఆధారమేదీ లేదు. ఇద్దరి మధ్య ఉన్నది మైదానంలోని దూరం. నియమాన్ని మారిస్తే ఏమవుతుందో అమెరికాలో ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు చూపాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పరుగున వచ్చి ఢీకొనే కిక్‌ఆఫ్ సందర్భాన్ని తగ్గించడానికి 2016లో అవి బంతిని తన్నే గీతను ఐదు గజాలు ముందుకు జరపగా, ప్రతి వెయ్యి కిక్‌ఆఫ్‌లకు సుమారు 11గా ఉన్న కంకషన్లు 2కు పడిపోయాయి. పిల్లల ఐస్ హాకీలో శరీరంతో ఢీకొట్టడాన్ని నిషేధించిన చోట మ్యాచ్ కంకషన్లు 58 శాతం తగ్గాయని 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు సాక్ష్యాధారాలతో నమోదు చేశారు. ఇప్పటివరకు ప్రతిపాదితమైన ఏ జన్యు పరీక్షా దీనికి దరిదాపుల్లోకి రాలేదు.

అయినప్పటికీ కారణాన్ని ఆటగాడి దేహంలోనే వెతికే ధోరణి సంస్థలకు సౌకర్యవంతం. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1994లో ఏర్పాటు చేసిన కమిటీ తన పత్రాల్లో, ఆ స్థాయికి చేరిన ఆటగాళ్ళు కంకషన్‌కు సాధారణ జనం కన్నా తక్కువ లోనయ్యేవారు కావచ్చునని వాదించింది. ఒమాలు పత్రాన్ని ఉపసంహరించాలని ఆ కమిటీ సభ్యులు పత్రికను కోరారు. తదనంతరం మాజీ ఆటగాళ్ళ పరిహార ఒప్పందంలో నల్లజాతి ఆటగాళ్ళ మేధాశక్తికి తక్కువ ప్రారంభ స్థాయిని అంచనా వేసే పద్ధతి చోటు చేసుకున్నది, తీవ్ర విమర్శల తర్వాత 2021లో దాన్ని విడిచిపెడతామని లీగ్ ప్రకటించవలసి వచ్చింది. గాయం ఎంతో కొలవడానికి ముందే దేహంపై ఒక ముద్ర వేస్తే, ఆ ముద్ర పరిహారాన్ని ఎలా హరిస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

క్రీడల్లో మూకుమ్మడి జన్యు పరీక్షకు పూర్వోదాహరణ కూడా అమెరికాలోనే ఉంది. సికిల్ సెల్ లక్షణం ఉన్న, అంటే ఆ జన్యువు ప్రతిని ఒక్కదాన్ని మాత్రమే వారసత్వంగా పొందిన ఒక విద్యార్థి క్రీడాకారుడు 2006లో శిక్షణ తర్వాత మరణించగా, 2010 నుంచి అగ్రశ్రేణి కళాశాల క్రీడాకారులకు ఆ పరీక్ష విధిగా చేశారు. అదే ముప్పును ఎదుర్కొన్న అమెరికా సైన్యం, ఎవరిలో ఆ లక్షణం ఉందో వెతకడం కన్నా శిక్షణలో అందరికీ విశ్రాంతి, నీరు, ఎండ నుంచి రక్షణ కల్పించడంపై ఆధారపడింది. అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2012లో ఈ రెండో మార్గాన్నే సమర్థించింది. 2005లో గుండె జబ్బు అనుమానంపై డీఎన్ఏ పరీక్ష కోరిన జట్టు షరతును బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు ఎడ్డీ కర్రీ నిరాకరించి మరో జట్టుకు మారిన ఉదంతం, ఉద్యోగంలో జన్యు వివక్షను నిషేధించే చట్టం 2008లో రాక ముందటిది. ఆ చట్టమైనా జీవిత బీమాకు, వైకల్య బీమాకు వర్తించదు. భారతదేశంలో దానికి సాటివచ్చే ప్రత్యేక చట్టమే లేదు.

తెలుగు నేలకు ఈ చర్చతో సంబంధం దూరపుది కాదు. 2022, 2023 సంవత్సరాల్లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ నిజామాబాద్ బిడ్డ. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ జట్టు తొలి ఏటి నుంచీ ఆడుతోంది. చెడుగుడుగా పల్లెల్లో ఎరిగిన ఆట వృత్తిగా మారి, హకీంపేట, కడప క్రీడా పాఠశాలల వంటి చోట్ల చిన్న వయసులోనే పిల్లలు శిక్షణలో చేరుతున్నారు. కూతకు వచ్చిన ఆటగాడి చీలమండను పట్టడానికి దూకే రక్షకుడి తల, ఆ ఆటగాడి మోకాలి ఎత్తులోకి వస్తుంది. నలుగురు కలిసి చుట్టుముట్టి పడవేసినప్పుడు కింద ఉన్నవాడి తల మెలితిరుగుతుంది. హోల్‌బోర్న్ చెప్పిన భౌతిక శాస్త్రం ఇక్కడా అదే. జన్యు వైపు చూస్తే, ఐరోపా సంతతి వారిపై రూపొందిన ముప్పు లెక్కలను ఇక్కడికి యథాతథంగా తేవడం కుదరదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో జరిగిన అధ్యయనంలో ఎప్సిలాన్-4 పౌనఃపున్యం సుమారు 7 శాతంగా, పోల్చిచూసిన అమెరికన్ సమూహం కన్నా తక్కువగా తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ భాగస్వాములుగా 2009లో వెలువడిన పరిశోధన, తరతరాల అంతర్వివాహాల వల్ల భారతీయ సమూహాల మధ్య జన్యు భేదాలు ఎంత లోతుగా ఏర్పడ్డాయో చూపింది. ఇంతటి వైవిధ్యం ఉన్న చోట, ఒక విదేశీ సంస్థ అమ్మే పరీక్షా పట్టీని చూసి పదహారేళ్ళ బాలికను బాక్సింగ్ నుంచి తప్పించడం గాని, మరొకరికి భయం లేదని హామీ ఇవ్వడం గాని సమర్థనీయం కాదు. రెండోదే మరింత ప్రమాదకరం, ఎందుకంటే ఎప్సిలాన్-4 లేని ఆటగాడు తూలుతూ కూడా బరిలో కొనసాగే ధైర్యం ఆ కాగితం నుంచే పొందవచ్చు.

ఇక్కడ మొదట కావలసినది దెబ్బల లెక్క. ప్రతి క్రీడా పాఠశాలలోనూ, ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ, జట్టు జీతంపై ఆధారపడని వైద్యుడు అనుమానాస్పద కంకషన్లను నమోదు చేసి, ఆ ఆటగాణ్ణి అదే రోజు తిరిగి ఆడనివ్వకుండా ఆపగల అధికారం కలిగి ఉండాలి. ఆ నమోదు కొన్నేళ్ళు సాగాక, జన్యు నమూనాలను దానికి జోడించి అధ్యయనం చేయగల సామర్థ్యం హైదరాబాద్‌లోని ప్రయోగశాలలకు ఉంది. ఆ అధ్యయనం జరగాలి కూడా, ఎందుకంటే సీటీఈ ఎవరిలో ముదురుతుందో, ఏ శోథ మార్గాన్ని మందుతో నిలువరించవచ్చో తెలియజేయగల సాధనం జన్యుశాస్త్రమే. ఆ ఫలితాలు ఆటగాడికి, అతడు కోరితే అతని వైద్యునికి మాత్రమే చేరాలి; జట్టు యాజమాన్యానికి, ఎంపిక సంఘానికి, బీమా సంస్థకు చేరకూడదు. వసతి గృహంలో ఉండి శిక్షణ పొందే మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. పద్ధెనిమిదేళ్ళు నిండాక తన నమూనాను వెనక్కి తీసుకునే హక్కు ఆ బాలుడికి, ఆ బాలికకు ఉండాలి, నమూనా ఇవ్వడానికి నిరాకరించినా శిక్షణలో వారి చోటు మారకూడదన్న షరతు అధ్యయనం మొదలయ్యే ముందే లిఖితపూర్వకంగా ఉండాలి.